తలుపు పాట ఎవరిది

మద్దిలపాలెం బస్ డిపో దగ్గర ఒక మేడమీద నెట్ సెంటర్ ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఆదివారం పొద్దున్న టిఫిన్ అవగానే ఆ ఇరుకు మెట్లెక్కి, మూలనున్న కంప్యూటర్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేదాన్ని. నాకు కావాల్సింది ఒకే ఒక్క ఇంగ్లీషు పాట. దాన్ని ఎవరెవరు పాడారో వెతికి, ఒక్కొక్కటే దించి, సీడీ మీద వేయించుకునేదాన్ని.

ఒకరోజు సెంటర్ నడిపే ఆయన నా సీడీ పెట్టి చూసి కంగారు పడ్డాడు. "మేడం, ఇందులో ఒకటే పాట మల్లీ మల్లీ పడిపోనాది. సీడీ పాడయిందేటో, ఇంకోటి ఏసీమంటారా?"

"పాట ఒకటేనండి, పాడినవాళ్ళు వేరు" అన్నాను.

ఆయన నా హెడ్‌ఫోన్స్ తీసుకుని రెండు విన్నాడు. విని, "రెండూ ఒకలాగే ఉన్నాయి గదేటి" అన్నాడు. ఆ మాట నాతో అనకుండా ఉండాల్సింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో చోటా ఆపి ఆపి వినిపించాను. మొదటివాడు మాట అనేశాక ఊపిరి తీసుకుంటాడు, రెండో ఆవిడ ముందే గుండెనిండా ఊపిరి పీల్చుకుని అప్పుడు మాట అంటుంది, ఆ కాస్త తేడాకే పాట ఎలా తిరగబడిందో చూడండి అన్నాను. వెనకాల కంప్యూటర్ కోసం కాచుకున్న జనం సణుగుతున్నారు. చివరికి ఆయన కళ్ళు పెద్దవి చేసి, "ఔనండోయ్! ఆడు బయపడతన్నాడు, ఈవిడ కోపంగా ఉన్నాది" అన్నాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

పాటల్ని పోల్చడమంటే తప్పులు పట్టడం కాదు. పప్పుచారు అందరిళ్ళలోనూ కాస్తారు. ఎవరిది వారిదే, ఎవరి చెయ్యి వారిదే. నాలుగిళ్ళలో తిన్నాకే మన ఇంటి చారు ఎలా ఉంటుందో మనకి తెలుస్తుంది. నాకీ పిచ్చి తొంభైల మధ్యలో పట్టింది, అంటించినవాడు మా బావ.

మా బావ అంటే మా అప్ప మొగుడు. మావైపు అక్కని అప్ప అంటాం. ఆయన ఉద్యోగం స్టీల్‌ప్లాంట్‌లో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర. షిఫ్టు దిగి వచ్చి, సబ్బు సగం అరగదీసి మసి వదిలించుకుని, గిటారు పట్టుకున్నాడంటే ఇక ఇల్లూ వాకిలీ గుర్తుండవు. ఆయనకొక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్ళిళ్ళకీ, వినాయక చవితి పందిళ్ళకీ పిలిస్తే ఆనందపురం దాకా వెళ్ళి పాడి వచ్చేవాళ్ళం. బావ గిటారు, ఒక కీబోర్డు, ఒక డ్రమ్స్, పాడటానికి ఇద్దరం. ఆ ఇద్దరిలో ఒకడు గోపాలపట్నంలో సిమెంటు కొట్లో పనిచేసే పొడుగాటి మనిషి. మేమంతా అతన్ని హీరో అని పిలిచేవాళ్ళం, అతను కాదనేవాడు కాదు. రెండోదాన్ని నేను.

నేను డిగ్రీ అయ్యాక అప్ప దగ్గరే, స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉండేదాన్ని. ఆర్కెస్ట్రాలో నా పని డ్యూయెట్లలో ఆడగొంతు. హీరో పల్లవి, రెండు చరణాలు పాడితే నా వాటాకి నాలుగు లైన్లు, మధ్యలో కాస్త ఆలాపన. మిగతాసేపు పట్టుచీరలో, స్టేజి మీద ప్లాస్టిక్ కుర్చీలో, దోమలు కుడుతున్నా నవ్వుతూ కూర్చోవాలి. అలా రెండేళ్ళు నవ్వాను. నాకు కావాల్సింది ఒక్కటే: ఒక పాట, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, నేనొక్కదాన్నే పాడాలి. ఇది మనసులో దాచుకుని కుమిలిపోయే రకాన్ని కాదు నేను. ప్రతి ప్రోగ్రాం ముందూ పోట్లాడి మరీ అడిగేదాన్ని. బావ గిటారు తీగలు బిగించుకుంటూ "సూద్దాం లేయే" అనేవాడు. ఆ చూడటం ఎప్పటికీ అయ్యేది కాదు.

అలాంటి రోజుల్లో హార్బర్ దగ్గరున్న ఓడ మనుషుల క్లబ్బు నుంచి మాకు పిలుపొచ్చింది. పై దేశాల ఓడల్లో పనిచేసేవాళ్ళు సరుకు దిగేదాకా సాయంత్రాలు వచ్చి కూర్చునే చోటు అది. ఏడాదికోసారి అక్కడ పాటల ప్రోగ్రాం పెడతారు. తెలుగు పాటలతో పాటు ఒక్క ఇంగ్లీషు పాటైనా ఉండాలన్నారు. బావ మొహం వెలిగిపోయింది. "మావయ్య డిస్కు!" అన్నాడు.

మావయ్యంటే బావకి మేనమామ. సముద్రం మీద వేటాడే కుటుంబంలో పుట్టి, పోర్టులో ఓడల్ని లోపలికి లాక్కొచ్చే టగ్గు మీద పనిచేసి రిటైరైన మనిషి. వన్‌టౌన్‌లో సముద్రపుగాలి తిన్నగా కొట్టే ఇల్లు. ఆ ఇంట్లో ఇనప వస్తువేదీ రెండేళ్ళకి మించి బతికేది కాదు, కిటికీ ఊచలు కూడా రేకులు రేకులుగా రాలేవి. ఎప్పుడో ఒక అమెరికా ఓడలో వంటవాడికి మావయ్య పెద్ద పండుగప్ప చేపని ఇస్తే, అతను బదులుగా ఒక చిన్న గ్రామఫోన్ డిస్కు ఇచ్చాడు. తెచ్చి చూస్తే దాని మధ్య రూపాయి బిళ్ళ కంటే పెద్ద కన్నం. మన ప్లేయర్ మధ్యనుండే కడ్డీ అందులో లొడలొడలాడిపోయింది. మావయ్య ఊరుకుంటాడా? లేతు మిషన్ మీద బుష్ అనే ఇత్తడి బిళ్ళ తీయించి, ఆ కన్నంలో సరిగ్గా దిగేలా కూర్చోబెట్టాడు. ఎవరొచ్చినా ముందు ఆ బుష్ చూపించి, తర్వాతే పాట వినిపించేవాడు.

"ఎంటిక దూరదు సూడు పాపా" అన్నాడు నాతో కూడా. నిజంగానే దూరేలా లేదు. కానీ ఆ ప్లేయర్‌ని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తనకున్న మిగతా డిస్కులన్నీ పెద్దవి, పద్య నాటకాలవి. వాటి పక్కన ఈ చిన్నదాన్ని గుడ్డలో చుట్టి దాచుకునేవాడు. చెమ్మకి దాని మీది కాగితం సగం ఊడిపోయి, పాట పేరు తప్ప పాడిన మనిషి పేరు మిగల్లేదు.

ముల్లు పడింది. గరగరమని కాసేపు. తర్వాత ఎవరో అడుగులు లెక్కపెట్టుకుంటూ మేడ దిగుతున్నట్టు బేసు గిటారు. ఓడ కూతలా, లావుగా, సాక్సఫోన్. అప్పుడు వచ్చింది గొంతు. మగగొంతు, లోతైనది, తొందర లేనిది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య అంత జాగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. తలుపు తీసే ఉంచాను, వచ్చేటట్టైతే రా, రానట్టైతే నువ్వే మూసి వెళ్ళు, నా చేత్తో మాత్రం ముయ్యలేను, ఇదీ పాటలో మాట. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన దాన్ని, ఇన్నాళ్ళూ ఈ కెరటం ఎక్కడుంది అనిపించింది. మళ్ళీ వెయ్యండి, మళ్ళీ వెయ్యండి అని మావయ్యని తినేశాను.

"దీన్ని రిథమ్ అండ్ బ్లూస్ అంటారు" అని బావ పాఠం మొదలెట్టాడు. ఒకరు పాడిన పాటని ఇంకొకరు తమ పద్ధతిలో పాడితే కవర్ అంటారట. కవర్లు వంద ఉండొచ్చు గానీ ఒరిజినల్ ఒకటేనట, మనం వాయిస్తే ఒరిజినల్‌నే పట్టుకోవాలట. నాకదేం ఎక్కలేదు.

"ఈ పాట నాకిచ్చీ బావా" అన్నాను.

"ఇది మగోడి పాట పిల్లా. ఆ గొంతిన్నావా, నూతిలోంచి వత్తన్నట్టు ఉన్నాది. నువ్వు పాడితే తేలిపోద్ది."

"తలుపు కాడ నిలబడి ఎదురుసూసేది ఆడోల్లు కాదేటి? ఏ మగోడు ఎదురుసూసాడు, సెప్పు?"

పక్కనే కూర్చున్న అప్ప "అది నిజం" అంది. బావ ఆ మాట విననట్టు మావయ్య ప్లేయర్ ముందు టేప్ రికార్డర్ పెట్టి, పాటని క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాడు. పాట హీరోకి ఇచ్చేశాడు.

నేను ఊరుకోలేదు. ఈ పాటని ఏ ఆడమనిషైనా పాడి ఉంటే, అది తెచ్చి బావ ముందు పడేస్తే, ఇంకేం మాట్లాడతాడు? డాబాగార్డెన్స్‌లో క్యాసెట్ కొట్టాయన్ని పట్టుకున్నాను. ఓడల వాళ్ళు అమ్ముకుపోయిన ఇంగ్లీషు క్యాసెట్లు అతని దగ్గర అట్టపెట్టె నిండా ఉండేవి. మొదట దొరికింది తెల్లకుర్రాళ్ళ బ్యాండు పాడింది. గిటార్లు మోగించుకుంటూ, రైలు తప్పిపోతుందన్నట్టు ఒకటే పరుగు. వాళ్ళకి ఆ తలుపు తీసున్నా మూసున్నా ఒకటే. కానీ వాళ్ళ డ్రమ్స్ అతను చేసిన అల్లరికి నేను మంచం మీద కూర్చుని ఎగిరాను. తర్వాత దొరికింది మాటల్లేని సాక్సఫోన్. అది ఏ పెద్ద హోటల్ లిఫ్టులోనో వినిపించేదిలా మెత్తగా, ఎవరికీ అడ్డురాకుండా ఉంది. ఇంకొకరు ఏవో దూరపు ద్వీపాల వాళ్ళ తాళంలో, దెబ్బ పడాల్సిన చోట పడనివ్వకుండా పక్కన వేసి పాడారు. దానికి మా అప్ప కూరగాయలు తరుగుతూ భుజాలు ఊపింది. ఒకే తలుపు, ఒకే మాట, ఒకడికి ఆట, ఒకడికి కునుకు, ఒకడికి పండగ. నాకు తల తిరిగిపోయింది సంతోషంతో.

ఆడమనిషి పాడింది కూడా దొరికింది. క్యాసెట్ గుండెకి హత్తుకుని బస్సులో వచ్చాను. పెట్టి విన్నాక నా ఉత్సాహం నీళ్ళుగారిపోయింది. వెనకాల వయొలిన్లు గుంపులు గుంపులుగా, ముందు ఆవిడ తియ్యగా, ఇంకా తియ్యగా. పెళ్ళి విస్తట్లో నాలుగో జిలేబీలాంటి పాట. ఎదురుచూపు లేదు, కోపం లేదు.

బావ గిటారు ఒళ్ళో పెట్టుకుని నవ్వాడు. "సూసావా? ఆడగొంతులో పడీసరికి ఎలగ పల్సబడిపోనాదో. నాను సెప్పింది అదే గదా."

ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరో తెలియని ఆవిడ మీద. నా కేసు నా సాక్షే పాడుచేసింది.

రిహార్సల్స్ మొదలయ్యాయి. అవి సాగుతుంటే నాకు వింతలు కనపడసాగాయి. బావ ఆ క్యాసెట్‌తో కలిపి వాయించాలంటే ప్రతిసారీ గిటారు తీగలన్నీ సడలించుకోవాలి. పాట ఏ శ్రుతిలోనూ సరిగ్గా కూర్చోదు, రెండు మెట్ల మధ్య సందులో ఉంటుంది. "పాతకాలపోల్లు అంతేనే" అనేవాడు బావ. ఇంకోటి, ఆ గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు. పల్లవికి ముందు హుస్సుమని లోపలికి పీల్చుకోవడం ఎంతసేపటికీ అవ్వదు. అంత ఊపిరి మనిషికి పడుతుందా? పాటలో వెనకాల కొట్టే చప్పట్లు కూడా టప్పుమనవు, తడిబట్ట బండకేసి కొట్టినట్టు దబ్బుమంటాయి. నేనివన్నీ చెబితే బావ, "పాట నీకియ్యలేదని ఏదోటి ఎతుకుతన్నావు" అన్నాడు. అందులో కొంత నిజముంది గనక ఇంకా మండింది.

హీరో కష్టాలు వేరు. ఆ కింది స్వరాలు అతనికి అందేవి కావు. గడ్డం ఛాతీకి ఆనించి, కళ్ళు మూసి, మిరియాల కషాయం తాగి, ఎన్ని చేసినా పల్లవి చివర గొంతు గాలైపోయేది. అయినా పరువు పోతుందని అందుతున్నట్టే పెదాలు ఆడించేవాడు.

క్లబ్బు ప్రోగ్రాం ఇంకో వారంలో ఉందనగా ఒక మధ్యాహ్నం బావ డ్యూటీలో ఉన్నాడు, అప్ప వంటింట్లో ఉంది. నేను తలుపేసుకుని టేప్ రికార్డర్ ముందు కూర్చుని పాటంతా పాడి రికార్డు చేశాను. ఎవరికోసమూ కాదు. నా గొంతుకి హాయిగా ఉండే శ్రుతిలో, ఆ వయొలిన్ల ఆవిడ మీద కసికొద్దీ కాస్త గట్టిగా, వేగంగానే పాడాను. పాట అయ్యీ అవ్వగానే కరెంటు పోయింది. వేసవిలో మాకది అలవాటే. విందామని ఆగలేక, టేప్ రికార్డర్‌లో టార్చిలైటులోని సెల్స్ తీసి వేశాను. అవి అప్పటికే కొన ఊపిరితో ఉన్నాయి.

పెన్సిలుతో క్యాసెట్ వెనక్కి తిప్పి బటన్ నొక్కాను. సెల్స్ అయిపోవస్తుంటే టేపు ఎలా ఈడుస్తుందో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. చక్రం నెమ్మదించి, గొంతు లావెక్కి, మనిషి ముసలాడైపోతాడు. నా గొంతూ అలాగే దిగింది. దిగి, దిగి, ఒకచోట కాసేపు నిలిచింది.

వంటింట్లోంచి అప్ప కేకేసింది. "ఏటే, మీ బావప్పుడే వచ్చీసారేటి? రావడమే ఆ మావయ్య పాట ఎట్టీసారా?"

అప్ప చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది.

"బావ కాదప్పా" అన్నాను. "నాను."

"నువ్వేటి?"

"ఆ పాడతన్నది నాను."

అప్ప టేప్ రికార్డర్ వైపు చూసింది, నా వైపు చూసింది. లోపల ఆ లావాటి మగగొంతు, అంటే నేను, తలుపు తీసే ఉంచానని పాడుతోంది. హుస్సుమని ఊపిరి తీసుకుంటోంది, ఎంతకీ తెమలని ఊపిరి. ఎగిరి అప్పని వాటేసుకున్నాను. "ఆ డిస్కులో పాడినోడు మగోడు కాదప్పా! ఆడు మగోడు కాదు!" అని అరిచాను. పక్క క్వార్టర్ వాళ్ళు తలుపు తీసి చూశారు.

సాయంత్రం బావ మసి మొహంతో గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, కడుక్కోనివ్వకుండా స్కూటర్ ఎక్కించాను. దారిలో గోపాలపట్నం చుట్టు తిరిగి కొట్లోంచి హీరోని కూడా రమ్మన్నాం. అతను సిమెంటు దుమ్ముతో, బావ మసితో, నేను ఆయాసంతో మావయ్య వాకిట్లో దిగాం.

"మావయ్యా, మీ ప్లేయర్ పక్కన ఈ లివరేటి?" అన్నాను.

"అది తాళం పాపా. కొన్నప్పట్నుంచీ కదల్లేదు. ముట్టుకోకు, పాడయిపోద్ది."

"తాళం కాదు మావయ్యా, ఒక్కసారి సూడనివ్వండి."

మావయ్యని ఒప్పించడానికి బావ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. గుడ్డ కిరసనాయిల్లో ముంచి లివర్ చుట్టూ తుడిస్తే, ఎర్రటి తుప్పు కింద రెండు అంకెలు బయటపడ్డాయి. ముప్పైమూడు, నలభై అయిదు, డిస్కు నిమిషానికి తిరగాల్సిన చుట్లు. లివర్ ముప్పైమూడు దగ్గర ఉప్పుగాలికి బిగుసుకుపోయి ఉంది. పెద్ద డిస్కులకి ఆ వేగమే కావాలి, పద్య నాటకాలు హాయిగా పాడాయి, అందుకే మావయ్యకి ఎన్నడూ అనుమానం రాలేదు. బుష్ మీదున్న శ్రద్ధలో పిసరు ఆ లివర్ మీద పెట్టి ఉంటే ఈ కథే లేదు. చిన్న డిస్కులు నలభై అయిదుకి తిరగాలని బావకి తెలుసు. ఆయన మసి మొహం ఒక్కసారిగా పాలిపోయింది.

"కదుపు బావా" అన్నాను.

కిరసనాయిలు పోసి, కాసేపు నాననిచ్చి, బొటనవేలితో తోశాడు. కిర్రుమని కదిలింది. ముల్లు పెట్టాడు.

బేసు గిటారు మేడ దిగలేదు, మెట్ల మీద గెంతింది. ఓడ కూత కూసిన సాక్సఫోన్ నవ్వింది. చప్పట్లు టప్పుటప్పుమని ఎండుకొమ్మల్లా విరిగాయి. హుస్సని చిన్న ఊపిరి, ఆ వెంటనే ఆడగొంతు. బొంగురుగా, నిప్పులు కక్కుతూ, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషి. వస్తావా, పోతావా, తేల్చుకో. మావయ్య ఇంట్లో ఇన్నేళ్ళూ గుడ్డలో చుట్టుకుని కూర్చున్న మనిషి లేచి అరిచినట్టుంది. నేను చప్పట్లు కొడుతున్నానని నాకే తెలీదు.

పాట అయింది. ముందు హీరోయే తేరుకున్నాడు. "అమ్మయ్య, నా పేణం లేసొచ్చినాది" అని గోడకి జారబడి కూర్చున్నాడు. "ఆ కింద సొరం అందక నాను సచ్చిపోతన్నాను బావా. ఆడమనిసి పాటని నాకెట్టీసి సంపేసావు."

మావయ్య మాత్రం ఏదో లెక్క తేల్చుకుంటున్నవాడిలా గడ్డం గోక్కున్నాడు. "ఒక పండుగప్ప ఇచ్చాను. ఇద్దరు పాడేరు. నాకేటి నట్టం?" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం.

బావ ఒక్కడే నవ్వలేదు. ఇంటికొచ్చాక అన్నాడు, "పాట తీసీదాం."

"ఏటీ?"

"ఒరిజినల్ అలగుంటే మనం ఇలగ ఈడ్సుకుంటూ వాయిస్తే ఓడలోల్లు నవ్విపోతారే. ఆల్లకీ పాట తెల్సు. అంత స్పీడు నేర్సుకోడానికి టైము లేదు."

నా ముందున్న అన్నం కంచం అలాగే వదిలి లేచాను. మగవాడి పాటన్నంతసేపూ అది నాకు కాదన్నాడు. ఆడదాని పాటని తేలాక పాటే వద్దంటున్నాడు. నేను అరిచిన అరుపుకి అప్ప కిటికీ మూసింది.

"స్పీడు మార్చొద్దు" అన్నాను చివరికి. "మనకొచ్చిన నిదానంలోనే వాయించు. శ్రుతి నాకు పెట్టు. నాను పాడతాను."

"అలగ ఎవలూ పాడలేదే!"

"తెల్సిన పాటని తెల్సినట్టే పాడితే క్యాసెట్ ఎట్టీవొచ్చు గదా బావా. మనమెందుకు?"

నేను మొండితనానికి అనలేదు ఆ మాట. అన్ని కవర్లూ విని విని నాకొకటి అర్థమైంది. ఆ మొదటావిడ వేగంలో అది కోపంతో ఉన్న పడుచుదాని పాట, ఇవాళ తేల్చుకుంటుంది. మావయ్య ప్లేయర్ పొరపాటున ఈడ్చిన వేగంలో మాత్రం, అదే మాట ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషిది. ఆ మనిషికి తొందర లేదు, తలుపు దగ్గర్నుంచి కదలదు. ఆ ఆడమనిషిని ఎవరూ పాడలేదు. ఆవిడ నాకు కావాలి. ఇదంతా బావకి తడబడుతూ చెప్పాను. ఆయన గిటారు తీశాడు. ఈసారి తీగలు సడలించే పని లేకపోయింది. నేను పాడాను. సగం పాటలో ఆయన తల దించుకున్నాడు, చివరిదాకా ఎత్తలేదు.

"నవ్వితే నీదే పూచీ" అన్నాడు.

"నాదే" అన్నాను.

క్లబ్బులో సాయంత్రం అయిదున్నరకి మొదలైంది. కిటికీల్లోంచి క్రేన్లు కనపడుతున్నాయి. పలు దేశాల ఓడ మనుషులు బల్లల చుట్టూ కూర్చున్నారు. రెండు తెలుగు పాటలయ్యాక బావ నాకేసి చూసి తలూపాడు. నేను కుర్చీలోంచి లేచాను. తిన్నగా మైకు దగ్గరికి నడిచాను. హీరో పక్కకి తప్పుకుని మైకు స్టాండు నా ఎత్తుకి దించి పెట్టాడు.

కీబోర్డు మీద బేసు మొదలవగానే ముందు బల్ల దగ్గరున్న తెల్లగడ్డం ముసలాయన మొహం విచ్చుకుంది. పాట పట్టేశాడు. వేళ్ళతో బల్ల మీద తాళం వేశాడు, తనకి తెలిసిన వేగంలో. ఆయన వేళ్ళు మాకంటే ముందుకెళ్ళిపోయి, ఆగి, మా దెబ్బ కోసం చూశాయి. మళ్ళీ ముందుకెళ్ళాయి, మళ్ళీ ఆగాయి. ఆయన నొసలు ముడిపడింది. అయిపోయింది, నవ్వుతాడు అనుకున్నాను. గుండెనిండా ఊపిరి పీల్చి మొదటి మాట అన్నాను. ఆ మాటకీ రెండో మాటకీ మధ్య ఉన్న జాగాలో క్లబ్బంతా నిశ్శబ్దమైంది. అక్కడ నిలబడటం ఎంత బాగుందో! భయం ఎటు పోయిందో పోయింది. రెండో పల్లవికి ఆయన వేళ్ళు బల్ల మీద పరుచుకుని కదలకుండా ఉన్నాయి. మూడోసారి పల్లవి వచ్చేసరికి, ఆ వేళ్ళు మాతోనే పడ్డాయి, మా నిదానంలోనే. చివరి మాట దాకా నేనొక్కదాన్నే పాడాను.

చప్పట్లు ఎంతసేపు కొట్టారో చెప్పలేను, నాకు చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదు. పాటలన్నీ అయ్యాక ముసలాయన లేచి బావ దగ్గరికొచ్చాడు. ఆయన ఇంగ్లీషు మాకు సగమే అర్థమైంది, ఆ సగం చాలు. ఈ పాట తన పడుచు వయసు నుంచి తెలుసట. ప్రతి రేవులోనూ ఎవరో ఒకరు పాడగా విన్నాడట. ఇలా మాత్రం ఎక్కడా వినలేదట. మీరు వాయించింది ఎవరి వెర్షన్, ఆ రికార్డు ఎక్కడ దొరుకుతుంది, అని అడిగాడు.

మావయ్య ప్లేయర్ గురించీ, తుప్పు గురించీ బావ చెబుతాడేమో అనుకున్నాను. నన్ను చూశాడు. మసి ఎంత కడిగినా వదలని వేలు నా వైపు చూపించాడు.

"హర్స్" అన్నాడు. ముసలాయనకి వినపడలేదేమోనని ఇంకోసారి, గట్టిగా, తెలుగులో అన్నాడు. "మా మరదలిది. రికార్డు లేదు. ఈవిడే ఒరిజినల్."

నాకు ఏడుపొచ్చేసింది. ముసలాయన ముందే, పట్టుచీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, "మల్లీ పాడమంటావేటి బావా?" అన్నాను.